కాటును దాచని ఇల్లు: జాంబీ ఉపద్రవాన్ని ఊహించుకొని కుటుంబమంతా చేయదగిన సన్నాహం

ఊళ్ళో ఒక జాడ్యం పుట్టిందనీ, అది సోకినవాడు చనిపోయి, తిరిగి లేచి, తనవాళ్ళనే కరుస్తాడనీ, ఆ కాటు పడిన ప్రతి మనిషీ అలాగే మారిపోతాడనీ అనుకుందాం. ఈ ఊహ సినిమాలకూ వీడియో ఆటలకూ తప్ప మరెందుకూ కొరగాదని చాలామంది భావిస్తారు. అయితే ఒక కుటుంబం నిజమైన విపత్తులో ఎలా నడుచుకుంటుందో ప్రశాంతంగా ఉన్న రోజునే తెలుసుకోవడానికి ఇంతకంటే అనువైన సాధనం నాకు ఇంతవరకు కనబడలేదు. గత మూడేళ్ళలో మా ఇంట్లో నాలుగుసార్లు, మా అపార్టుమెంటు సంఘంలో ఒకసారి ఈ అభ్యాసాన్ని నడిపించిన అనుభవంతో, దాన్ని ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ ఆలోచన నేను పుట్టించినది కాదు. 2011 మే 16న అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీలో విపత్తు సన్నద్ధత విభాగానికి అధిపతిగా ఉన్న డాక్టర్ అలీ ఖాన్, జాంబీలు వస్తే ఇంట్లో ఏమేం సిద్ధంగా ఉండాలో వివరిస్తూ ఒక వ్యాసం ప్రకటిస్తే, చదవడానికి వచ్చినవారి తాకిడికి ఆ సైటు నిలిచిపోయింది. ఆయన చెప్పినవన్నీ తుఫానుకూ భూకంపానికీ చెప్పే మాటలే: మనిషికి రోజుకు సుమారు నాలుగు లీటర్ల నీళ్ళు, నిలవ ఉండే ఆహారం, మందులు, ముఖ్యమైన కాగితాలు, ఇంటివాళ్ళంతా కలుసుకోవలసిన రెండు చోట్లు. అదే ఏడాది అమెరికా సైన్యపు వ్యూహాత్మక కమాండ్‌లో శిక్షణ పొందుతున్న యువ అధికారులు జాంబీలను ఎదుర్కొనడానికి పూర్తి స్థాయి యుద్ధ ప్రణాళిక రాశారు. నిజమైన దేశం పేరు పెట్టుకొని అభ్యాసం చేస్తే, అది ఎప్పుడైనా బయటపడినప్పుడు నిజమైన పథకమేనని జనం పొరబడతారన్నది వారి భయం. ఈ కారణం ఇళ్ళకూ వర్తిస్తుంది. ఫలానా పేట నుంచి, ఫలానా వాళ్ళ వల్ల జబ్బు వచ్చిందని పిల్లల ముందు ఊహించుకొని మాట్లాడితే, అభ్యాసం ముగిసిన తరువాత కూడా ఆ మాట వాళ్ళ మనసులో ఉండిపోతుంది. జాంబీకి కులమూ మతమూ ఊరూ లేవు.

సరుకుల జాబితా ఒక్కటే కావాలంటే జాంబీలను ఊహించుకోవలసిన పని లేదు. తుఫానులనూ గోదావరి వరదలనూ చూసిన మన ఇళ్ళకు ఆ జాబితా కంఠతా వచ్చు. ఈ ఊహలో అసలు బలం వేరే చోట ఉంది. తుఫాను బయటి నుంచి వస్తుంది కనుక తలుపు వేసుకుంటే ఇంట్లోవాళ్ళంతా ఒక పక్కన, గాలీ వానా మరో పక్కన ఉంటాయి. జాంబీ విషయంలో ప్రమాదం మన మనిషి ముఖంతో, మన మనిషి గొంతుతో ఇంట్లోకి వస్తుంది. చాలా అంటురోగాలు ఇదే దారిలో వస్తాయి. నుదుటి మీద తడిగుడ్డ వేసిన చేతికీ, ఒళ్ళో పడుకోబెట్టుకున్న తల్లికీ అవి ముందుగా సోకుతాయి. అందువల్ల కుటుంబం ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న, సోకిన మన మనిషి ఆ సంగతిని మనతో ధైర్యంగా చెప్పగలడా లేదా అన్నది. తక్కిన నిర్ణయాలన్నీ ఆ జవాబు మీదే నిలబడతాయి.

జబ్బుకు నియమాలు రాసుకోవడం

ఒక సాయంత్రం రెండు గంటలు చాలు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలను కూర్చోబెట్టుకోవచ్చు. అంతకంటే చిన్నవాళ్ళకు ఇది రాత్రి నిద్రపట్టని భయంగా మారుతుంది కనుక వద్దు. అందరూ భోజనం చేసిన తరువాత మొదలుపెట్టాలి. ఒకరు కథ నడిపించాలి, ఒక గడియారం అందరికీ కనబడేలా ఉండాలి, చిన్న చీటీలు కొన్ని సిద్ధం చేసుకోవాలి.

ముందుగా జబ్బు ఎలా వ్యాపిస్తుంది, కాటు పడిన ఎంతసేపటికి మనిషి మారతాడు, ఆలోగా పైకి ఏమైనా కనబడుతుందా, మందు ఉందా అన్న సంగతులను కాగితం మీద రాసి గోడకు అంటించాలి. మేము పెట్టుకున్న నియమం ఇది: జబ్బు కాటుతో మాత్రమే వస్తుంది, గాలితో రాదు, పన్నెండు గంటల్లో మనిషి మారతాడు, మొదటి పది గంటలూ పైకి ఏమీ తెలియదు, మందు ఇంకా కనుక్కోలేదు. ఈ పన్నెండు గంటల వ్యవధిని ఎవరూ తగ్గించకూడదని నా అభిప్రాయం. కాటు పడిన వెంటనే మనిషి మారిపోతే ఆలోచించవలసినది ఏమీ ఉండదు, పారిపోవడమే మిగులుతుంది. మధ్యలో కొన్ని గంటలు ఉన్నప్పుడే ఆశకూ, అబద్ధానికీ, సేవకూ, వీడ్కోలుకూ చోటు దొరుకుతుంది.

ఇక్కడ పిల్లలకు ఒక మాట స్పష్టంగా చెప్పి తీరాలి. కాటుతో సోకి, నరాల వెంట మెదడుకు పాకి, మనిషి ప్రవర్తననే మార్చివేసి, నీళ్ళను చూస్తేనే గొంతు బిగుసుకుపోయేలా చేసే వ్యాధి నిజంగానే మన మధ్య ఉంది. అది రేబిస్. లక్షణాలు బయటపడిన తరువాత ఆ రోగి బతకడం దాదాపు అసాధ్యం. అయితే సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఒక వారం మొదలుకొని ఏడాది వరకు పట్టే ఆ మధ్య కాలంలో మనిషిని కాపాడుకునే మార్గం మన చేతిలో ఉంది. గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టి, వైద్యులు చెప్పిన తేదీలలో ఒక్కటీ తప్పకుండా పూర్తి చేయాలి. రక్తం వచ్చిన కాటు అయితే గాయంలోకి ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు గురించి కూడా అడగాలి. పసుపూ కారమూ సున్నమూ పూయడం వల్ల మేలు లేకపోగా విలువైన సమయం పోతుంది. ఆటలో కాటుకు మందు లేదని చెప్పాం కనుక, బయట కుక్క కరిచినా అంతే అనుకొని పిల్లలు దాచుకునే ప్రమాదం ఉంది. వీధి కుక్క గీరితే తిడతారనో, సూదులు వేయిస్తారనో భయపడి చెప్పని పిల్లలు ఈ రోజుకీ ఉన్నారు. ఈ అభ్యాసం వల్ల ఒక్క పిల్లవాడైనా పరుగెత్తుకొచ్చి చెబితే, ఆ రెండు గంటలకూ అంతకంటే ఫలితం అక్కరలేదు.

మొదటి గంట: ఎవరు ఎక్కడ ఉన్నారు

కథను ఒక పనిదినం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెట్టండి. ఆ సమయానికి ఇంట్లో ప్రతి ఒక్కరూ నిజంగా ఎక్కడ ఉంటారో వాళ్ళ చేతనే చెప్పించండి. మా ఇంట్లో అన్నయ్య ఆఫీసులో, వదిన బ్యాంకు పనిమీద బజారులో, పాప బడిలో, అమ్మ ఒక్కతే ఇంట్లో, నేను ఊరికి ఆవల ఉన్నట్టు తేలింది. ఫోన్లు పనిచేయడం లేదని కథ నడిపేవారు ప్రకటించాలి. ఇక్కడే చాలా ఇళ్ళలో మొదటి లోపం బయటపడుతుంది: పాపను తీసుకురావడానికి ముగ్గురూ మూడు వైపుల నుంచి బడికి బయలుదేరతారు, అమ్మ దగ్గరకు ఒక్కరూ వెళ్ళరు. ఎవరు ఎవరిని తీసుకురావాలో, కలుసుకునే చోటు ఏదో, అది అందకపోతే రెండో చోటు ఏదో, ఎంతసేపు ఎదురుచూసి కదలాలో ముందే రాసిపెట్టుకుంటే ఈ గందరగోళం ఉండదు.

దూరంగా ఉన్న బిడ్డ సంగతి ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ ఉండగా, నిజామాబాద్ జిల్లా బోధన్‌కు చెందిన ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు నెల్లూరు వైపు చిక్కుబడిన కొడుకు కోసం పోలీసుల అనుమతి పత్రం పట్టుకొని స్కూటీ మీద ఒంటరిగా వెళ్ళి, రానూపోనూ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి అతణ్ణి ఇంటికి తెచ్చుకున్నారు. కడుపు తీపి అంటే అది. మీ ప్రణాళికలో ‘ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి’ అని ఒక్క వాక్యం రాసేసి సరిపెట్టుకుంటే, ఏదో ఒక తల్లి దాన్ని కాదని బయలుదేరుతుంది. ఆమె వెళ్ళి తీరుతుందని ఒప్పుకొని, ఏ దారిన వెళుతుంది, ఏ ఊళ్ళో ఎవరింట ఆగుతుంది, ఎన్నాళ్ళకు రాకపోతే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి అన్నవి రాయడం మంచిది.

తలుపు దగ్గర

రెండో వంతులో నిల్వలు లెక్కపెట్టాలి. నోటి లెక్కలు వద్దు, లేచి వెళ్ళి చూసి రాయాలి. మా అన్నయ్య ఇంట్లో ఆరుగురికి రోజుకు రెండు కిలోల బియ్యం పడతాయి, కాబట్టి 26 కిలోల బస్తా పదమూడు రోజులు వస్తుంది. తాగడానికీ వంటకూ మనిషికి నాలుగు లీటర్ల చొప్పున పద్నాలుగు రోజులకు 336 లీటర్ల నీళ్ళు కావాలి. డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే సరిపోతుంది కానీ, కరెంటు పోయిన రోజున అది సగమే ఉందనుకుంటే స్నానాలు మానుకోవాలి. 1986 నాటి గోదావరి వరదను చూసిన మా అమ్మ, బురద నీళ్ళలో చిల్లగింజ అరగదీసి కలిపి మడ్డి దిగనిచ్చి, ఆ పైన కాచి తాగిన సంగతి చెప్పింది. ఆ గింజ పేరు మా పాప అంతవరకు వినలేదు. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉంటే, ఫ్రిజ్ ఆగిపోయినప్పుడు తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో సీసాను చల్లగా ఉంచుకునే పద్ధతిని ఆ రోజే చేసి చూడండి. బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ కనీసం నెలకు సరిపడా ఉండాలి.

లెక్క పూర్తయ్యాక పక్కింటివాళ్ళు ముగ్గురు తలుపు తట్టారని చెప్పండి. తొమ్మిదిమంది అయితే అదే బస్తా తొమ్మిదో రోజుకు అడుగంటుతుంది, అవే నీళ్ళు తొమ్మిది రోజులకు సరిపోతాయి. తనకు మాలిన ధర్మం వద్దని అన్నయ్య అన్నాడు. ఆ పక్కింటామె నర్సు అని వదిన గుర్తుచేసింది. ఇద్దరిదీ న్యాయమైన మాటే. ఇందులో మా ఇల్లు చేరుకున్న నిర్ణయం మీ ఇంటికి సరిపోవాలని లేదు కనుక దాన్ని ఇక్కడ రాయను. నిర్ణయం తలుపు దగ్గర నిలబడి తీసుకోకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. ఎంతమందిని, ఏ షరతు మీద, ఏ గదిలో ఉంచుకోగలమన్నది ముందే తెలిసి ఉంటే, రానివ్వలేని రోజున కూడా కిటికీలోంచి బియ్యమో మందులో అందించే ఆలోచన తడుతుంది. అది తెలియని ఇంట్లో, భయంతో గడియ పెట్టిన చెయ్యి మళ్ళీ దేనికీ తెరుచుకోదు.

కాటు పడిన చీటీ

ఈ అభ్యాసానికి గుండెకాయ ఇదే. కథ నడిపేవారు అందరికీ మడతపెట్టిన చీటీలు పంచాలి. ఒక్క చీటీలో మాత్రం ‘నిన్ను కరిచింది, చెప్పవచ్చు, దాచవచ్చు’ అని రాసి ఉండాలి. ఆ తరువాత అరగంట సేపు సరుకులు సర్దడం, కాపలా వంతులు వేసుకోవడం లాంటి పనులు మామూలుగా సాగాలి.

మొదటిసారి చేసినప్పుడు ఆ చీటీ మా అన్నయ్య కూతురికి వచ్చింది. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు. చీటీ చదువుకొని, నాలుగు మడతలు వేసి, అరచేతిలో పెట్టుకొని, ఆ చేతిని గౌను కింద దాచుకొని కూర్చుంది. అరగంటా ఎవరితోనూ మాట్లాడలేదు. చివర్లో చీటీలు విప్పమంటే దాని చేతిలో కాగితం చెమటకు తడిసి అక్షరాలు చెదిరిపోయాయి. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, “చెబితే నన్ను బయటికి పంపేస్తారు కదా బాబాయ్” అంది. మేము అంతకుముందే, కాటు పడినవాళ్ళను ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడు, పెద్దవాళ్ళం కదా అని గంభీరంగా ‘బయటికి పంపాల్సిందే’ అని తీర్మానించుకొని ఉన్నాం. ఆ తీర్మానం చేసినప్పుడు అది మా మధ్యనే కూర్చుని వింది. మా అమ్మ దాన్ని దగ్గరకు తీసుకుంది, ఆ సాయంత్రం ఇక ఆట సాగలేదు.

మరుసటి వారం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి జబ్బు నియమాల పక్కన ఇంటి మాట ఒకటి రాశాం. కాటు పడినట్టు చెప్పినవాళ్ళను ఎవరూ తిట్టరు, బయటికి పంపరు. వాళ్ళకు గొళ్ళెం బయట ఉన్న వెనక గది ఇస్తాం. ఆ గదిలోకి భోజనం, నీళ్ళు, దుప్పటి, వాళ్ళకు ఇష్టమైనది ఒకటి వెళతాయి. పదో గంట దాకా ఒకరు ఎప్పుడూ తలుపు ఇవతల కూర్చుని మాట్లాడుతూ ఉంటారు. ఆ గది దగ్గరకు వెళ్ళేది ఒక్కరే, వంతులు మారకూడదు. ఈసారి చీటీ వదినకు వచ్చింది, మూడు నిమిషాల్లో చెప్పేసింది. నాలుగోసారి మళ్ళీ పాపకే వచ్చినప్పుడు, వెనక గదికి తన రంగు పెన్సిళ్ళు ఇవ్వాలని అడిగి మరీ చెప్పింది.

ఈ తేడా ఆటలోది మాత్రమే కాదు. 2020లో మా మేనమామ మూడు రోజులు జ్వరాన్ని దాచారు. అంతకు వారం ముందు వాళ్ళ వీధిలో ఒక ఇంటికి వెదురు బొంగులు అడ్డం కట్టి, ఆ ఇంటివాళ్ళకు పాలు కూడా అందకుండా చేయడం ఆయన చూశారు. దాచిన ఆ మూడు రోజుల్లో అత్తయ్యకు సోకింది. ఇద్దరూ కోలుకున్నారు కానీ, ఆయన పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండవలసి వచ్చింది. ఆయనను తప్పుపట్టడం నాకు చేతకాదు. చెప్పినవాడికి శిక్ష ఉన్న చోట మనుషులు దాచుకుంటారు, దాచుకున్న చోట జబ్బు పాకుతుంది.

ఎవరి మాట చెల్లాలి

ఇంట్లో పెద్దవాడే నాయకుడు అన్నది అలవాటు. విపత్తులో ఆ అలవాటు సగమే పనికివస్తుంది. మా అనుభవంలో మూడు పనులను ముగ్గురికి విడదీయడం మేలు. ఒకరు చివరి మాట చెప్పాలి. ఒకరు నిల్వలనూ గంటలనూ లెక్కపెట్టి, ఆ లెక్కను ఎవరి మొహమూ చూడకుండా చదవాలి. ఒకరికి అడ్డు చెప్పే హక్కు ఉండాలి. చివరి మాట చెప్పేవారి సొంత బిడ్డ ప్రమాదంలో పడితే ఆ మాట తక్షణం రెండోవారికి వెళ్ళిపోవాలి. ఈ చివరి నియమాన్ని అందరూ నవ్వుతూ ఒప్పుకుంటారు, ఆటలోనే పాటించలేక అవస్థ పడతారు. అందుకే దాన్ని తప్పకుండా ఆడి చూడాలి.

పెద్ద సమూహాన్ని నడిపేవారికి ఇంగ్లండులోని ఈయమ్ గ్రామం కంటే మంచి పాఠం నాకు తెలియదు. 1665 సెప్టెంబరులో లండన్ నుంచి ఒక దర్జీకి వచ్చిన బట్టల మూటతో అక్కడికి ప్లేగు వచ్చిందని చెబుతారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆ ఊరి మతాధికారి విలియం మాంపెసన్, జబ్బు చుట్టుపక్కల ఊళ్ళకు పాకకుండా గ్రామస్థులెవరూ పొలిమేర దాటకూడదని ప్రతిపాదించారు. ఆయన ఊరికి కొత్త, జనానికి ఆయన మీద నమ్మకం తక్కువ. ప్రభుత్వం విధించిన మతపరమైన షరతుకు తలవంచక పదవి పోగొట్టుకున్న పాత మతాధికారి థామస్ స్టాన్లీని ఆయన పక్కన నిలబెట్టుకున్నారు. ఇద్దరికీ మతవిశ్వాసంలో పొత్తు లేదు; అయినా జనం స్టాన్లీ మాట విని ఒప్పుకున్నారు. పొలిమేర దాటనివారికి తిండి ఎలా అన్న ప్రశ్నకు కూడా జవాబు ముందే సిద్ధమైంది. ఆ ప్రాంతపు ప్రభువు డెవన్‌షైర్ ఎర్ల్ సరుకులు పంపించారు, పొలిమేర రాళ్ళ దగ్గర బయటివాళ్ళు ఆహారం పెట్టి వెళితే గ్రామస్థులు రాతి గుంటల్లో పోసిన వెనిగర్‌లో నాణేలు వేసి తీసుకునేవారు. సుమారు 260 మంది చనిపోయారు, చుట్టుపక్కల ఊళ్ళు బతికాయి.

అదే మాంపెసన్, కట్టడి మొదలు కాకముందే తన ఇద్దరు పిల్లలను యార్క్‌షైర్‌కు పంపించివేశారు. ఆయన భార్య కేథరిన్ వెళ్ళడానికి ఒప్పుకోక అక్కడే ఉండి, రోగులకు సేవ చేస్తూ 1666 ఆగస్టులో ప్లేగుతోనే మరణించారు. అపార్టుమెంటు సంఘంలో ఈ కథ చెప్పినప్పుడు జరిగిన వాదం అంతా ఇంతా కాదు. పిల్లలను పంపడం నాయకుడి తప్పని కొందరు, ఏ తండ్రి అయినా అంతే చేస్తాడని కొందరు అన్నారు. నా మట్టుకు నేను ఆయనను నిందించలేను కానీ, అలాంటి వెసులుబాటు ఒకరికి ఉన్నప్పుడు దాన్ని అందరి ముందు చెప్పి, తక్కినవాళ్ళ పిల్లలకు కూడా ఒక రోజు గడువు ఇచ్చి ఉండవలసిందని అనిపిస్తుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ 2014 ఆగస్టులో లైబీరియా రాజధాని మన్రోవియాలో కనబడింది. ఎబోలా భయంతో వెస్ట్ పాయింట్ అనే కిక్కిరిసిన బస్తీని ప్రభుత్వం రాత్రికి రాత్రి సైన్యంతో, ముళ్ళకంచెలతో మూసివేసింది. అంతకు కొద్ది రోజుల ముందే, బయటి రోగులను తెచ్చి తమ మధ్య ఉంచుతున్నారన్న కోపంతో బస్తీవాళ్ళు అక్కడి రోగుల కేంద్రం మీద పడగా రోగులు పారిపోయి ఉన్నారు. మూసివేతను ఎదిరించిన జనం మీద కాల్పులు జరిగి ఒక బాలుడు ప్రాణం కోల్పోయాడు. పది రోజుల్లో కట్టడి ఎత్తివేశారు. తరువాత జబ్బును అదుపు చేయడంలో బస్తీల యువకులే ఇంటింటికీ తిరిగి రోగులను కనిపెట్టిన పని ఎక్కువ అక్కరకు వచ్చింది. మన దగ్గరికి వస్తే, 2018 మే నెలలో కేరళలోని కోళిక్కోడ్ ప్రాంతంలో నిపా వైరస్ 17 మంది ప్రాణాలు తీసినప్పుడు, నాటి ఆరోగ్య మంత్రి కె.కె. శైలజ అక్కడే మకాం వేసి పరిస్థితిని బహిరంగంగా చెబుతూ వచ్చారు, పరిశీలనలో ఉన్న కుటుంబాలకు రేషన్ సరుకులు అందించారు. ఇంట్లో కదలకుండా కూర్చోమన్నవారు ఆ ఇంటి పొయ్యి వెలిగే బాధ్యత కూడా తీసుకున్నప్పుడు జనం మాట విన్నారు.

అపార్టుమెంటు సంఘాలు ఈ అభ్యాసం చేసేటప్పుడు వాచ్‌మన్‌నూ, ఇంటి పనికి వచ్చేవాళ్ళనూ తప్పకుండా కూర్చోబెట్టుకోవాలి. మేము చేసినప్పుడు గేటు మూసేయాలని అందరూ చేతులెత్తిన తరువాత, “మరి మా పిల్లలు గేటు బయట ఉన్నారండీ” అని వాచ్‌మన్ భార్య అంది. అంతవరకు మా ప్రణాళికలో వాళ్ళ కుటుంబం లేదు.

చివరి చూపు

పిల్లలు నిద్రపోయాక పెద్దవాళ్ళు మాత్రమే మాట్లాడుకోవలసిన భాగం ఒకటి ఉంది. మన శవయాత్రలో పాడెను దారిలో దించి, చనిపోయినవారి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే ఆచారం ఉంది. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతారేమోనన్న ఆ ఆశకే దింపుడు కళ్లం ఆశ అని పేరు. జాంబీ కథలో అందరినీ ముంచేది సరిగ్గా ఆ ఆశే: కదిలాడు కదా, కళ్ళు తెరిచాడు కదా, నన్ను గుర్తుపట్టాడేమో అని దగ్గరకు వెళ్ళడం. నిజమైన జాడ్యాలలో కూడా శవాన్ని తాకడం, స్నానం చేయించడం ప్రాణాంతకం కావచ్చు. పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా పాకడానికి అంత్యక్రియలు కూడా ఒక ముఖ్యమైన దారి అయ్యాయి. మొదట్లో శవాలను సంచుల్లో చుట్టి తీసుకుపోతుంటే కుటుంబాలు చావులనే దాచాయి. 2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిని మార్చి, కుటుంబం దూరం నుంచి చూడటానికి, ప్రార్థన చేయడానికి, సమాధి చోటు తెలుసుకోవడానికి వీలు కల్పించే నియమావళిని తెచ్చింది. ఈయమ్‌లో ఎలిజబెత్ హాంకాక్ అనే స్త్రీ 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల వ్యవధిలో భర్తనూ ఆరుగురు బిడ్డలనూ తన చేతులతోనే పాతిపెట్టుకుంది. ఊరి నియమం ప్రకారం ఎవరి వాళ్ళను వాళ్ళే పూడ్చుకోవాలి.

కోళిక్కోడ్‌లో నిపా రోగికి సేవ చేసి అదే జబ్బుతో చనిపోయిన నర్సు లిని పుదుస్సేరి, ఆసుపత్రి మంచం మీద నుంచి భర్తకు ఒక చీటీ రాశారు, పిల్లలను జాగ్రత్తగా చూసుకోమని అందులో కోరారు. ఆమెను ఇంటికి తీసుకురావడానికి వీలు పడలేదు. ఆమె చేతిరాత ఇంటికి చేరింది. అందువల్ల మీ ఇంట్లో దేన్ని వదులుకోగలరో, దేన్ని వదులుకోలేరో విడదీసి రాసుకోండి. మా అమ్మ స్నానమూ పసుపూ లేకపోయినా పర్లేదంది. పేరు పెట్టి పిలవడం మాత్రం కిటికీ బయట నిలబడైనా జరగాలంది. అది రాసుకున్నాం.

ఉండాలా, వెళ్ళాలా

దీనికి ఎక్కువ సమయం వద్దు. నీళ్ళు మూడు రోజులకు తగ్గినప్పుడు, లేదా పక్క ఇల్లు అంటుకున్నప్పుడు కదలాలని రెండు గీతలు గీసుకొని, వెళ్ళే ఊరూ దారీ నిర్ణయిస్తే చాలు. 2009లో కెనడా పరిశోధకులు జాంబీ వ్యాప్తిని గణిత సూత్రాలలో పెట్టి లెక్కించి, ఆలస్యంగా చేసే ప్రయత్నాలు ఫలించవని, త్వరగా గట్టిగా స్పందిస్తేనే నిలబడతామని తేల్చారు. ఆ లెక్కను ఇంటికి అన్వయిస్తే, గీత దాటిన తరువాత మరో పూట చూద్దామనుకోవడం ప్రమాదం.

అభ్యాసం ముగిశాక రాసుకున్నవన్నీ ఒక్క కాగితం మీదికి ఎక్కించి, బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. అత్యవసర నంబర్లు 112, 108, ఇంటి మాట, వెనక గది నియమం, ఎవరు ఎవరిని తీసుకురావాలన్నది పై వరుసల్లో ఉండాలి. ఆరు నెలలకోసారి మందుల గడువు తేదీలూ, టార్చి సెల్లులూ, పిల్లల బడి సమయాలూ సరిచూసి తేదీ వేయండి. పిల్లలను పడుకోబెట్టే ముందు వాళ్ళను ఏది భయపెట్టిందో అడిగి, పూర్తిగా వినండి. మా పాప రెండోసారి ఆట అయిన రాత్రి, తన మోకాలి మీద పది రోజులుగా మానుతున్న గీత బడి దగ్గర కుక్కపిల్ల గోరు వల్ల పడిందని మా వదినకు చెప్పింది. తెల్లవారి ఆసుపత్రి తలుపులు తెరిచే వేళకు అన్నయ్య దాన్ని తీసుకొని అక్కడ ఉన్నాడు.